కెమిస్ట్రీ జర్నళ్ల నూరేళ్ల పండుగలు: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ కాలేజీలో ఏళ్ల తరబడి కెమిస్ట్రీ చెప్పాను. డిపార్ట్‌మెంట్ లైబ్రరీ తాళాలు కూడా నా దగ్గరే ఉండేవి. అందుకని పరిశోధన పేపర్లు అచ్చువేసే ఏ జర్నల్‌కి వందేళ్లు నిండాయన్నా, ఎవరు ప్రత్యేక సంచిక వేస్తున్నారన్నా నాకే ఫోన్ చేస్తారు. 2023, 2024 సంవత్సరాల్లో అయితే మరీనూ. 1924లో పుట్టిన మూడు జర్నళ్లు ఒకేసారి నూరేళ్ల గడప దాటాయి మరి. అడిగేవాళ్లు మారుతున్నారు కానీ ప్రశ్నలు మాత్రం అవే. చెప్పిందే చెప్పలేక ఇలా రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## లెక్క తేలక తికమకపడేవాళ్లకి

కవర్ మీద 100వ వాల్యూమ్ (సంపుటి) అని ఉంది. అంటే జర్నల్‌కి నూరేళ్లు నిండినట్టేనా?

నిండలేదు, నూరో ఏడు నడుస్తోందని అర్థం. పుట్టిన ఏడాదే మొదటి వాల్యూమ్ వచ్చేస్తుంది కాబట్టి ఈ తేడా వస్తుంది. జర్నల్ ఆఫ్ ది ఇండియన్ కెమికల్ సొసైటీ మొదటి వాల్యూమ్ 1924లో వచ్చింది, నూరో వాల్యూమ్ 2023లో. నూరేళ్లు నిండింది 2024లో. మన ఇళ్లల్లో షష్టిపూర్తి అరవై నిండాక చేస్తారు, అరవయ్యో ఏడు రాగానే చెయ్యరు. జర్నళ్ల వాళ్లకి అంత పట్టింపు లేదు. 1965లో మొదలైన కెమికల్ కమ్యూనికేషన్స్, యాభయ్యో వాల్యూమ్ వచ్చిన 2014లోనే స్వర్ణోత్సవం చేసేసుకుంది.

నేనూ ఒకసారి ఇందులో పప్పులో కాలేశాను. 2023లో "నూరేళ్లు నిండిన సందర్భంగా" అని ఫ్లెక్సీ కొట్టించాను. సెకండియర్ అమ్మాయి ఒకతె దాని కింద నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టి, "సార్, తొంభై తొమ్మిదే కదా" అంది. "నూరేళ్లు నిండిన" అన్న చోట "నూరో ఏడు" అని కాగితం అతికించి కార్యక్రమం నడిపించాం. మీరు ముందే "నూరో వాల్యూమ్" అని రాయించుకుంటే ఏ గొడవా ఉండదు.

మూడు జర్నళ్లూ 1924లోనే పుట్టాయంటున్నారు. మరి కెమికల్ రివ్యూస్ మీద 124 అని ఎందుకుంది?

మంచి పాయింటే పట్టారు. ఆ మూడు ఇవి: మన ఇండియన్ కెమికల్ సొసైటీ జర్నల్, అమెరికాలో వచ్చే జర్నల్ ఆఫ్ కెమికల్ ఎడ్యుకేషన్, కెమికల్ రివ్యూస్. 2024లో మొదటి రెండింటి మీదా 101 అని ఉంటే, మూడోదాని మీద 124 అని ఉంది. కారణం చాలా మామూలుది. కెమికల్ రివ్యూస్ ఒకప్పుడు ఏడాదికి రెండేసి వాల్యూములు వేసింది. ఉదాహరణకి 1936లో 18, 19 రెండూ వచ్చాయి. అలా నంబరు వయసు కంటే ముందుకి పరిగెత్తింది. 2000 సంవత్సరంలోనే వందో వాల్యూమ్ వచ్చేసింది, అప్పటికి జర్నల్ వయసు 76. క్విజ్‌లో అడగడానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు దొరకలేదు.

వాల్యూమ్ నంబరు చూసి సంవత్సరం చెప్పే చిట్కా ఏమైనా ఉందా?

ఏడాదికి ఒక్క వాల్యూమ్ చొప్పున తప్పకుండా వేసిన జర్నళ్లకి ఉంది. జర్నల్ ఆఫ్ ది అమెరికన్ కెమికల్ సొసైటీకి, అంటే మనం జాక్స్ అనేదానికి, వాల్యూమ్ నంబరుకి 1878 కలపండి. 38వ వాల్యూమ్ అయితే 1916, 56 అయితే 1934, 147 అయితే 2025. ఇండియన్ కెమికల్ సొసైటీ జర్నల్‌కి 1923 కలపాలి. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీకి ఈ చిట్కా పనికిరాదు. అది ఏడాదికి చాలా వాల్యూములు వేసేది, 1925కే 66 దాకా వెళ్లిపోయింది.

అంగెవాంటే కెమీ 2013లో 125 ఏళ్ల పండుగ చేసుకుంది. అదే ఏడాది పేపర్ల మీద 52 అని కూడా ఉంటుంది. ఏది నిజం?

రెండూ నిజమే. ఈ జర్నల్ రెండు భాషల్లో వస్తుంది. జర్మన్ ఎడిషన్ 1888లో మొదలైంది, ఇంగ్లిష్ ఎడిషన్ 1962లో మొదలై తన లెక్క ఒకటి నుంచి పెట్టుకుంది. 2013లో జర్మన్‌ది 125, ఇంగ్లిష్‌ది 52. ఒకే పేపర్‌కి రెండు వాల్యూమ్ నంబర్లు, రెండు పేజీ నంబర్లు ఉంటాయి. థీసిస్‌లో రిఫరెన్సులు సరిచూసేటప్పుడు స్కాలర్లకి తల ప్రాణం తోకకి వచ్చేది ఇక్కడే.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. 1888లో ఒకటో వాల్యూమ్ అయితే 2013లో 126వది రావాలి కదా? 1945లో 58 వచ్చింది, 59 మాత్రం 1947లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ఒక ఏడు మింగేసింది. అందువల్లే 2013లో నిండిన ఏళ్లూ, వాల్యూమ్ నంబరూ రెండూ 125 దగ్గర కలిశాయి. 1942 నుంచి 1945 దాకా ఆ పత్రిక పేరు కూడా వేరు, డీ కెమీ అని ఉండేది. పాత రిఫరెన్సుల్లో ఆ పేరు కనిపిస్తే కొత్త జర్నల్ అనుకోకండి.

వజ్రోత్సవం 60 ఏళ్లకా, 75 ఏళ్లకా?

పాత లెక్క ప్రకారం 25 రజతం, 50 స్వర్ణం, 60 వజ్రం, 75 ప్లాటినం. కానీ 75కి వజ్రోత్సవం అనడం కూడా మనదగ్గర మామూలే. 2022లో తెలంగాణ ప్రభుత్వం చేసిన స్వతంత్ర భారత వజ్రోత్సవాలు 75 ఏళ్లకే కదా. పేచీ వద్దనుకుంటే "75 ఏళ్ల పండుగ" అని అంకె వేసి రాయండి. 125కి నోరు తిరిగే పేరంటూ ఏదీ లేదు, అక్కడా అంకే దిక్కు.

ప్రపంచంలో మొట్టమొదటి కెమిస్ట్రీ జర్నల్ ఏది? క్విజ్‌లో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

ప్రశ్న ఎలా వేశారన్న దాన్నిబట్టి జవాబు మారుతుంది. పూర్తిగా కెమిస్ట్రీకే అంటూ మొదలైనవాటిలో జర్మనీలో లోరెంజ్ క్రెల్ 1778లో పెట్టిన పత్రిక పేరు ముందు చెబుతారు. ఫ్రాన్స్‌లో అనాల్ డ షిమీ 1789లో, అంటే ఫ్రెంచి విప్లవం వచ్చిన ఏడాదే, లావోయిజియే, బెర్తొలే, ఫూర్‌క్రువా వంటివాళ్లు కలిసి మొదలుపెట్టారు. 1793లో అది ఆగిపోయింది. 1794 మే 8న లావోయిజియేని గిలటిన్ కింద చంపేశారు. పత్రిక మళ్లీ బయటికి వచ్చింది 1797లో.

రసాయన శాస్త్రవేత్త లీబిగ్ పేరుతో నడిచిన జర్మన్ పత్రిక అనాలెన్ సంగతి వేరు. 1832 నుంచి 1997 దాకా వచ్చి, 1998లో మరికొన్ని యూరప్ దేశాల పత్రికలతో కలిసి యూరోపియన్ జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీలో కలిసిపోయింది. ఇంటిపేరు మారిపోయినట్టు వయసు కూడా మారిపోయింది. నూట అరవై ఏళ్ల చరిత్ర లోపల ఉన్నా, పైకి అది 1998లో పుట్టిన జర్నల్.

ఇంకో చిక్కుముడి కూడా విప్పేస్తాను. వోలర్ 1828లో యూరియా తయారుచేసిన పేపర్ లీబిగ్ పత్రికలో వచ్చిందని గైడ్లలో రాస్తుంటారు. అప్పటికి ఆ పత్రిక పుట్టనే లేదు. అది పోగెన్‌డార్ఫ్ నడిపిన భౌతిక, రసాయన శాస్త్రాల పత్రికలో వచ్చింది.

## పాత సంచికలు తెరిచి చదవాలనుకునేవాళ్లకి

పాత పేపర్లు డబ్బు కట్టకుండా ఎక్కడ దొరుకుతాయి?

ప్రభుత్వ యూనివర్సిటీలోనో కాలేజీలోనో ఉంటే ముందు మీ లైబ్రేరియన్‌ని వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ గురించి అడగండి. 2025 జనవరి నుంచి ఇది నడుస్తోంది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు 6,300కి పైగా ప్రభుత్వ సంస్థలకి అందుబాటులోకి వచ్చాయి. ఎల్సెవియర్, వైలీ, స్ప్రింగర్ నేచర్ వంటి పెద్దవాళ్లు ఇందులో ఉన్నారు. ప్రైవేటు కాలేజీలకి మొదటి విడతలో చోటు దక్కలేదు. మన దగ్గర ఎక్కువమంది చదివేది అక్కడే కాబట్టి నాకు ఇది బాధగానే ఉంది.

ప్రైవేటు కాలేజీ పిల్లలైనా దిగులు పడక్కర్లేదు. బాగా పాత సంచికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసి ఉన్నాయి. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ల గాలికాలో పాత ఫ్రెంచి, జర్మన్ పత్రికలు ఉచితం. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన ప్రొసీడింగ్స్‌ని 1934 నుంచీ వెబ్‌సైట్‌లో తెరిచి పెట్టింది. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ పాత సంచికలకి కూడా పైసా కట్టక్కర్లేదు.

వేలకొద్దీ పేపర్లు ఉన్నాయి. మొదట ఏది తెరవాలి?

మీరు క్లాసులో చదివిన విషయం ఏ పేపర్‌లో పుట్టిందో అది తెరవండి. ఇంటర్‌లో చుక్కలు పెట్టి బంధాలు గీశారు కదా, ఆ చుక్కల అసలు ఊరు జాక్స్ 38వ వాల్యూమ్, 762వ పేజీ. 1916లో గిల్బర్ట్ లూయిస్ రాసిన "ది యాటమ్ అండ్ ది మాలిక్యూల్". రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జంటని పంచుకుంటాయని చెబుతూ, రెండు అక్షరాల మధ్య రెండు చుక్కలు పెడదామని ప్రతిపాదించింది అక్కడే. దాంతోపాటు పరమాణువుని ఘనంలా గీసి, ఎనిమిది మూలల్లో ఎలక్ట్రాన్లు పెట్టాడు. ఘనం ఆలోచన నిలవలేదు, చుక్కలు నిలిచాయి. టెక్స్ట్‌బుక్కులో నిలిచినదే కనిపిస్తుంది, అసలు పేపర్‌లో అయితే రెండూ పక్కపక్కనే ఉంటాయి. పిల్లలకి నేను ఈ పేపర్ చూపించేది అందుకే.

ఎంజైముల మీద ఆసక్తి ఉంటే 1934 నాటి లైన్‌వీవర్, బర్క్‌ల పేపర్ చూడండి. మెటీరియల్స్ వైపు వెళ్లేవాళ్లకి 1938 నాటి బ్రూనౌవర్, ఎమ్మెట్, టెల్లర్‌ల పేపర్. ల్యాబులో ఉపరితల వైశాల్యం కొలిచి "బెట్ ఏరియా ఎంత వచ్చింది" అని రోజూ అనుకునే బెట్ ఈ ముగ్గురి పేర్లలోని మొదటి అక్షరాలే. ఈ రెండూ జాక్స్‌లో వచ్చినవే.

ఇలాంటి పండుగల్లో మన తెలుగువాళ్ల పేపర్‌ని ఎవరైనా గుర్తు చేసుకున్నారా?

చేసుకున్నారు, అదీ ఘనంగా. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ 1905లో మొదలైంది. 2005లో వచ్చే నూరేళ్ల పండుగ కోసం ముందునుంచే పాత ఆణిముత్యాలని ఏరి, ఒక్కోదాని వెనక కథ రాసి మళ్లీ అచ్చు వేసింది. ఆ వరుసలో 2002లో ఫిస్కే, సుబ్బారావుల పేపర్‌కి చోటిచ్చింది. ఆ సుబ్బారావు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే.

1923లో బోస్టన్ చేరిన మనిషి, 1925 కల్లా సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి రాశాడు. పద్ధతి ఎంత సులువో చూడండి. నమూనాకి ఆమ్లంలో కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తే ఫాస్ఫేట్ దానితో జట్టు కడుతుంది. తర్వాత ఒక క్షయకరణి, అంటే ఎలక్ట్రాన్లు ఇచ్చే రసాయనం, వేస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. రంగు చిక్కదనాన్ని తెలిసిన ద్రావణంతో పోల్చి చూస్తే లెక్క తేలిపోతుంది. బీఎస్సీ బయోకెమిస్ట్రీ రికార్డుల్లో "ఫిస్కే సుబ్బారావు పద్ధతి" అని ఇప్పటికీ రాస్తున్నారు. రాసే పిల్లల్లో సగం మందికి ఆ సుబ్బారావు ఎవరో తెలియదు, అది వేరే సంగతి.

ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత 1929లో కణాలకి శక్తిని అందించే ఏటీపీ బయటపడ్డాయి. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు. ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాసిన అసలు పేపర్ 66వ వాల్యూమ్‌లో 375వ పేజీ దగ్గర మొదలవుతుంది. పేరు ఇంగ్లిష్‌లో సుబ్బ, రో రెండూ కలిపి ఉంటుంది. వెతికేటప్పుడు ఆ స్పెల్లింగే కొట్టండి.

ఆంధ్రా యూనివర్సిటీ నుంచి ఆ రోజుల్లో వచ్చిన పేపర్లు ఏవైనా చూడొచ్చా?

చూడొచ్చు, చూస్తే ముచ్చటేస్తుంది. టి. ఆర్. శేషాద్రి 1930ల్లో వాల్తేరు వచ్చి 1949లో ఢిల్లీ వెళ్లేదాకా ఇక్కడి కెమిస్ట్రీ విభాగాన్ని నడిపించారు. మనిషి తమిళుడు, కానీ ఆయన బృందం టెస్ట్‌ట్యూబుల్లోకి చేరింది మన చేలల్లోని పూలే. పత్తి పూలలో రంగు దేనివల్ల వస్తోంది, గోగు పూలలో ఏముంది అని తేల్చి ఇండియన్ అకాడమీ ప్రొసీడింగ్స్‌లో వరసగా పేపర్లు వేశారు. మనం ఆకు కోసుకుని పచ్చడి నూరుకునే ఆ గోగు మొక్కే. శాస్త్రీయ నామంతో హిబిస్కస్ అని వెతికితే దొరుకుతాయి. ఆ ప్రొసీడింగ్స్‌లోని కెమిస్ట్రీ విభాగమే 2004 నుంచి జర్నల్ ఆఫ్ కెమికల్ సైన్సెస్ అన్న పేరుతో వస్తోంది.

నాకు జర్మన్ రాదు. 19వ శతాబ్దం పేపర్లు నాకెందుకు?

సమీకరణాలకి, బొమ్మలకి, పట్టికలకి భాష అక్కర్లేదు. మిగతాది ఫోన్‌లోని అనువాదం యాప్ చూసుకుంటుంది. పాత జర్మన్ అచ్చులో కొంత గోతిక్ లిపి ఉంటుంది, దాని దగ్గర యాప్ కూడా తడబడుతుంది. అప్పుడు వదిలేయండి.

## కాలేజీలో కార్యక్రమం పెట్టేవాళ్లకి

ఏ తేదీన పెట్టుకుంటే బాగుంటుంది?

ఇండియన్ కెమికల్ సొసైటీ కలకత్తాలో పుట్టింది 1924 మే 9న. మనకి అది వేసవి సెలవుల నడిమధ్య, హాల్లో కుర్చీలు తప్ప ఎవరూ ఉండరు. సొసైటీ మొదటి అధ్యక్షుడు ప్రఫుల్ల చంద్ర రాయ్ పుట్టినరోజు ఆగస్టు 2, కాలేజీలు తెరిచి ఉంటాయి. నా ఓటు దానికే. సుబ్బారావు గారి పేపర్ చుట్టూ పెట్టుకుంటే జనవరి 12 ఆయన పుట్టినరోజు, కానీ అదే రోజు వివేకానంద జయంతి, వెనకే సంక్రాంతి సెలవులు. ఓ వారం ముందు పెట్టుకోండి.

పాత పేపర్‌లోని ప్రయోగాన్ని స్టేజీ మీద చేసి చూపించవచ్చా?

అన్నీ కుదరవు. రాయ్ 1896లో మెర్క్యూరస్ నైట్రైట్ పసుపు స్ఫటికాలు చేశారు కదా అని మీరూ పాదరసం బయటికి తియ్యకండి. ఆ రోజుల్లో పాదరసాన్ని, బెంజీన్‌ని చేతులు కడుక్కునే నీళ్లలా వాడారు, మనం వాడకూడదు.

ఫాస్ఫేట్ నీలం రంగు ప్రయోగం మాత్రం చక్కగా కుదురుతుంది. మేం కోలా కూల్‌డ్రింక్‌తో చేశాం, అందులో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. ముందురోజు రాత్రే మూత తీసి గ్యాస్ పోనిచ్చాం. గోధుమ రంగు అడ్డు రాకుండా బాగా నీళ్లు కలిపి పలచన చేశాం. లెక్చరర్ మాత్రమే ఆమ్లంలో కలిపిన మాలిబ్డేట్ పోశారు. క్షయకరణిగా అసలు పేపర్‌లోని రసాయనం దొరక్క విటమిన్ సి వాడి, టెస్ట్‌ట్యూబులని వేడి నీళ్లలో పెట్టాం. కాసేపటికి మొదటి ట్యూబు లేత ఆకాశం రంగుకి, చివరిది సిరా రంగుకి తిరిగాయి. పక్కన ఉత్తి నీళ్ల ట్యూబు ఒకటి తప్పకుండా పెట్టండి. మాకు మొదటిసారి అది కూడా నీలం తిరిగింది! ట్యూబులు కడిగిన సబ్బు పొడిలో ఫాస్ఫేట్ ఉందని తర్వాత తెలిసింది. ఆ తప్పు మీద పిల్లలు అడిగినన్ని ప్రశ్నలు నా లెక్చర్ మీద ఎవరూ అడగలేదు.

ఫ్లెక్సీ మీద జర్నల్ కవర్, లోగో వేసుకోవచ్చా?

ప్రచురణ సంస్థకి ఒక మెయిల్ పెట్టి అడగండి. అడక్కుండా వెయ్యాలంటే పేరు మాత్రం అక్షరాల్లో రాయించుకోండి, లోగో జోలికి పోవద్దు.

## ప్రత్యేక సంచికకి పేపర్ పంపేవాళ్లకి

"శతవార్షికోత్సవ ప్రత్యేక సంచికకి మీ పేపర్ పంపండి" అని మెయిల్ వచ్చింది. నమ్మవచ్చా?

నిజమైనవీ వస్తాయి, బోగస్‌వీ వస్తాయి. పైగా పాత జర్నల్ పేరుతో నకిలీ వెబ్‌సైట్ కట్టి డబ్బు గుంజేవాళ్లు ఉన్నారు. పేరు ఎంత పాతదైతే వాళ్లకి అంత బేరం. మెయిల్‌లోని లింక్ నొక్కకండి. ప్రచురణ సంస్థ సైట్‌కి మీరే వెళ్లి, అక్కడి నుంచి జర్నల్ పేజీ తెరిచి, ప్రత్యేక సంచిక ప్రకటన ఉందేమో చూడండి. అతిథి సంపాదకుడి పేరు ఇస్తే ఆయన యూనివర్సిటీ పేజీలో ఉన్న మెయిల్‌కి రెండు ముక్కలు రాసి అడగండి. నిజమైన మనిషైతే జవాబిస్తాడు.

మూడు రోజుల్లో అంగీకారం అన్నా, మీ సబ్జెక్టుతో సంబంధం లేకుండా "గౌరవనీయులైన ఆచార్యా" అని పిలిచినా, ఫీజు సంగతి చివర్లో చెప్పినా అనుమానించండి. నాకు తెలిసిన స్కాలర్ ఒకరు సబ్మిషన్ గడువు టెన్షన్‌లో ఇలాంటి చోట డబ్బు కట్టేశారు. పేపర్ రెండో నెల్లోనే సైట్‌తో సహా మాయమైంది. డబ్బు పోతే పోయింది, ఆ డేటాని ఇంకో చోట వేసుకోవడానికి ఇచ్చుకోవలసిన సంజాయిషీ అంతకంటే బరువైంది.

ప్రత్యేక సంచికలో అయితే రివ్యూ తేలిగ్గా అయిపోతుందటగా?

మంచి జర్నల్‌లో కాదు. మామూలు పేపర్‌ని చూసినట్టే ఇద్దరో ముగ్గురో రివ్యూయర్లు చూస్తారు. ఆహ్వానం వచ్చిందంటే పంపమన్నారని అర్థం, వేస్తామని కాదు.

యూజీసీ కేర్ జాబితాలో ఉందో లేదో చూస్తే సరిపోదా?

నమ్మదగిన జర్నళ్లంటూ పెట్టిన ఆ జాబితాని యూజీసీ ఎత్తేసింది, 2025 ఫిబ్రవరిలో ప్రకటన ఇచ్చింది. ఇప్పుడు జర్నల్ మంచిచెడ్డలు చూసుకునే బాధ్యత సంస్థలది, మనది. మీ యూనివర్సిటీ సొంత నిబంధన ఏముందో రీసెర్చ్ సెక్షన్‌లో రాతపూర్వకంగా తెలుసుకోండి. సీనియర్ చెప్పిన మాట ఒక్కటే పట్టుకుని వెళ్లకండి.

పేరు మారిన జర్నల్‌ని రిఫరెన్సులో పాత పేరుతో రాయాలా, కొత్త పేరుతోనా?

పేపర్ అచ్చయిన రోజున ఏ పేరుంటే ఆ పేరుతో. 1926 నాటి కలకత్తా పేపర్ అయితే ముందు "క్వార్టర్లీ" అన్న మాట ఉండాలి. మొదట్లో మూడు నెలలకోసారి వచ్చిన ఆ పత్రిక పేరులోంచి 1928లో ఆ మాట పోయింది. కెమికల్ కమ్యూనికేషన్స్ అయితే మరీ చికాకు. 1969 నుంచి 1971 దాకా అది జర్నల్ ఆఫ్ ది కెమికల్ సొసైటీలో డి విభాగం. 1972 నుంచి 1995 దాకా ఆ పెద్ద పేరు వెనక కెమికల్ కమ్యూనికేషన్స్ అని తోక, 1996 నుంచి మళ్లీ ఉత్త కెమికల్ కమ్యూనికేషన్స్. రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్ అన్నిటికీ కొత్త పేరే తగిలించేస్తుంది, చేత్తో సరిచేయాల్సిందే.

## పండుగ అయ్యాక

పండుగ పేరుతో ఉచితంగా తెరిచిన పేపర్లని మళ్లీ మూసేస్తారా?

చాలాచోట్ల మూసేస్తారు. గడువు పేజీలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదువుకోవాలనుకున్నవి ఆలోపే దించుకోండి. లింక్ దాచుకోవడం దాచుకోవడం కాదు. మొదటినుంచీ అందరికీ తెరిచి ఉన్న జర్నళ్లతో ఈ బెంగ లేదు. రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ వాళ్ల కెమికల్ సైన్స్ 2015 నుంచి అలాంటిదే, చదివేవాళ్లూ డబ్బు కట్టరు, రాసేవాళ్లూ కట్టరు.

పండుగ జాబితాలో మొదట ఉన్న పేపరే అన్నిటికంటే గొప్పదా?

ఆ జాబితాలు ఎక్కువగా ఎంతమంది రిఫరెన్స్ ఇచ్చారన్న లెక్కతో తయారవుతాయి. ఆ లెక్కలో కొలిచే పద్ధతులు రాసినవాళ్లే ఎప్పుడూ ముందుంటారు. ప్రొటీన్ కొలిచే పద్ధతి మీద ఆలివర్ లౌరీ బృందం 1951లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో వేసిన పేపర్‌కి 3 లక్షలకి పైగా రిఫరెన్సులు ఉన్నాయి. అదేమంత గొప్ప పేపర్ కాదని లౌరీయే ఒప్పుకున్నాడు. లూయిస్ చుక్కలని రోజూ వాడేవాళ్లలో 1916 పేపర్‌కి రిఫరెన్స్ ఇచ్చేది బహు కొద్దిమంది. అందరి సొత్తూ అయిపోయిన దానికి రశీదు ఎవరు రాస్తారు?

మా లైబ్రరీలో పాత బైండ్ వాల్యూములు తూకానికి అమ్మేస్తున్నారు. ఆపడానికి ఏమైనా చేయొచ్చా?

ముందు జాబితా రాయించండి. ఏ జర్నల్, ఏ వాల్యూమ్ నుంచి ఏ వాల్యూమ్ దాకా, ఏవి లేవు, అట్టలు ఎలా ఉన్నాయి. జాబితా లేని బీరువా ఎవరికైనా చెత్తలాగే కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతున్నవాటి కోసం గట్టిగా పోట్లాడకండి, చోటు నిజంగానే సమస్య. ఎక్కడా స్కాన్ కాని స్థానిక పత్రికలు, సావనీర్లు, సెమినార్ ప్రొసీడింగ్స్ ఉంటే అవి పక్కకి తీయండి. దగ్గరలోని యూనివర్సిటీ లైబ్రరీకి జాబితా పంపి, తీసుకుంటారేమో కనుక్కోండి. పోస్టు ఖర్చు కంటే మనిషిని పంపించుకోమనడం చవక.

నేను పనిచేసిన ఒకచోట సెలవుల్లో ఆటో వచ్చి మూడు ట్రిప్పులు తీసుకెళ్లిపోయింది. తిరిగొచ్చాక పాతపేపర్ల కొట్టుకి వెళ్లి, కిలో లెక్కన ఒకే ఒక్క వాల్యూమ్ కొనుక్కున్నాను. వెనక అట్టకి అంటించిన డ్యూ డేట్ స్లిప్ మీద నా సంతకమే ఉంది. తిరిగి ఇవ్వాల్సిన తేదీ ఎప్పుడో దాటిపోయింది.